ఇరుకుగండులు: వాని పుట్టుక, ఛాయాగ్రహణము, ప్రమాదము

కొండను చీల్చుకొని నది పోవు చోటును తెలుగువారు గండి యందురు. కడప జిల్లాలో పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోయగా నేర్పడిన గండివలననే గండికోటకు ఆ పేరు వచ్చినది. దాని లోతు సుమారు 300 అడుగులు. వెడల్పును అందుకు తగినట్లే యున్నది. అయితే అడుగున నిలిచి చేతులు చాచినచో రెండు గోడలును తగులునంత సన్నని గండులు కొన్ని ఎడారి ప్రదేశములందు గలవు. వీనిని ఇరుకుగండు లనవచ్చును.

వీనిలో ప్రసిద్ధమైనది అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, పేజి పట్టణము చెంత, నవాహో జాతివారి భూమిలోనున్న ఆంటిలోప్ గండి. ఇది ఎగువగండి, దిగువగండి యని రెండు భాగములు. ఎగువగండి గోడల యెత్తు సుమారు 120 అడుగులు. రాళ్ల నడుమ నీరు పారు చోటని నవాహో భాషలో దానిపేరునకు అర్థము. ఆ పేరులోనే దాని చరిత్ర యిమిడియున్నది. సుమారు 19 కోట్ల సంవత్సరములకు పూర్వము గాలి పోసిన ఇసుకతిన్నెలు కాలక్రమమున గట్టిపడి రాయియైనవి. పిమ్మట వానవరదలు రాతి పగుళ్లలో దూరి, తమతో తెచ్చిన ఇసుకతోనే ఆ రాతిని అరగదీసినవి. నీరు సుడులు తిరిగిన చోటులందు గోడలు అలలవలె వంపులు తిరిగినవి.

చంద్రపురమునకు ఇసుకరాయి క్రొత్తది కాదు. వార్ధా లోయలో బొగ్గుపొరలకు పైన కామ్ఠీ ఇసుకరాయి గలదు. అయినను ఇచ్చట ఇట్టి గండులు కానరావు. ఏటేట వేయి మిల్లీమీటర్లకు మించి వాన కురియు చోట వాగు అడుగు కోయుచుండగనే గట్లును ఒరిసిపోయి లోయ వెడల్పగును. ఎడారిలో వాన అరుదు. కురిసినపుడు నీటి నాపుటకు మన్ను గాని గడ్డి గాని చాలదు. కావున ప్రవాహము ఒక్క ఇరుకుదారినే పట్టి లోతుగా కోయును.

ఛాయాగ్రహణమునకు ఉదయ సాయంకాలములే మేలని సామాన్య నియమము. ఇచ్చట అది తలక్రిందగును. వేసవిలో నడిమధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడే ఎగువగండి అడుగువరకు కిరణము దిగును. కాంతి గోడనుండి గోడకు తగిలి ప్రతిఫలించుచు నారింజ, ఎఱుపు వన్నెలను వెలయించును. ఎండ సోకని మూలలు ఊదారంగు దాల్చును. చిత్రమున ఆకాశమును చేర్చినచో అది వట్టి తెలుపై, గోడలు నల్లబడును. కావున దానిని విడుచుట మేలు. ముక్కాలిపీటలను సాధారణ సందర్శకులకు అనుమతింపరు గనుక కెమెరాలో కాంతిగ్రాహకతను హెచ్చించుకొనవలెను. పైనుండి ఇసుక రాలుచుండును. లోపల లెన్సు మార్చరాదు.

ఈ సౌందర్యమును చెక్కిన వరదయే ప్రాణాంతకము కూడ. 1997 ఆగస్టు 12వ తేదీన దిగువగండిలో పదునొకండుగురు సందర్శకులు ఆకస్మిక వరదకు బలియైరి. పెద్దవాన కురిసినది గండిపై గాదు, మైళ్ల దూరమున ఎగువ ప్రదేశమున. అటుపిమ్మట స్థిరమైన లోహపు నిచ్చెనలు అమర్పబడినవి. నేడు అనుమతి పొందిన మార్గదర్శి వెంట లేనిదే ప్రవేశము లేదు.

ఎగువవాన దిగువవరద యగుట వార్ధాతీరవాసులు ఎఱిగిన సత్యమే. అయితే నదీతీరమున మెట్టకు పోవుటకు వ్యవధి యుండును. ఇరుకుగండిలో గోడలే గాని గట్టు లేదు. అమెరికాలోని బిడ్డలను చూడబోయి ఇట్టి చోటులను దర్శించు తెలుగువారు నెత్తిమీది ఆకాశము నిర్మలముగా నున్నదని నమ్మరాదు. ఎగువ వాతావరణమును ముందుగా విచారింపవలెను. మార్గదర్శి వెనుకకు మరలుమన్నచో, చిత్రము సగములో నున్నను తక్షణమే మరలవలెను.