చెరువు మీద బాతులేవి? పాత వేటగాళ్లనే అడగండి!

చలికాలం వచ్చిందంటే మా తర్లుపాడు, కంభం వైపు పెద్దవాళ్ల కబుర్లలో ఓ ప్రశ్న తప్పకుండా దొర్లుతుంది. ఈసారి బాతులు దిగాయా? అడిగేవాళ్లలో పక్షి ప్రేమికులు తక్కువే. ఒకప్పుడు వాటిని పట్టుకుని కూర వండుకున్నవాళ్లే ఎక్కువ. వలలు, ఉచ్చులు, నాటు తుపాకులు చూసిన తరం అది. ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. ఎవరిని కదిపినా ఒకటే మాట: అప్పట్లా రావట్లేదబ్బాయ్.

చంపినోళ్లే తగ్గాయని బాధపడటమేంటి, వింతగా లేదూ? కానీ కాసేపు కూర్చుని వింటే వాళ్లకి తెలిసినంత మనకి తెలియదని అర్థమవుతుంది. ఏ బాతు ఏ నెలలో దిగుతుంది, ఏది మోకాలి లోతు నీళ్లలో మేస్తుంది, ఏది మునిగి తింటుంది, గుంపు ఏ పూట లేస్తుంది... ఇవన్నీ వాళ్ల నోటి మీదే ఉంటాయి. తెలియకపోతే వేట దొరకదు మరి. తల మీద కుండ బోర్లించుకుని, మెడలోతు నీళ్లలో మెల్లగా నడుచుకుంటూ వెళ్లి బాతు కాళ్లు పట్టి లాగే పద్ధతి మన దేశంలో చాలాచోట్ల ఉండేది. అంత దగ్గరగా వెళ్లినవాడికి పక్షి గుణం తెలియకుండా ఎలా ఉంటుంది?

ముందు నీళ్ల లెక్క చూడాలి

మా వైపు బాతుల కథంతా నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. గుంటూరు-నంద్యాల రైల్లో మార్కాపురం రోడ్, తర్లుపాడు దాటితే కంభం వస్తుంది. అక్కడ గుండ్లకమ్మ మీద, రెండు కొండల మధ్య కట్టకట్టి నిలబెట్టిన కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు కూడా దక్కింది. అయినా వాన లేకపోతే అంత చెరువూ నోరు తెరుచుకుని ఉండాల్సిందే.

ఇక్కడే పాత వేటగాళ్లు చెప్పే సంగతి ఒకటుంది. బాగా వానలు పడిన ఏడాది చెరువులో బాతులు తక్కువగా కనిపిస్తాయి. కరువు ఏడాది ఉన్న కాస్త నీళ్ల మీదే కిక్కిరిసిపోతాయి. వినడానికి తిరకాసుగా ఉన్నా, ఇందులో తప్పేం లేదు. సూదితోక బాతు, చెంచాలాంటి ముక్కుండే బాతు, ఇంకా చిన్న బాతులు చాలావరకు లోతులేని నీళ్లలో తల ముంచి, తోక పైకెత్తి మేస్తాయి. చెరువు నిండితే అంచుల్లో కూడా లోతు పెరుగుతుంది. అదే సమయానికి చుట్టుపక్కల కుంటలన్నీ నిండి ఉంటాయి కాబట్టి గుంపులు అటూ ఇటూ చెదిరిపోతాయి. అందుకే ఒక్క చెరువు, ఒక్క ఏడాది చూసి బాతులు పెరిగాయనీ తగ్గాయనీ చెప్పలేం.

ఆ మాట వాళ్లకీ తెలుసు. అయినా వాళ్ల దిగులు వేరు. మంచి వానలు పడిన ఏళ్లలో కుంటలన్నీ తిరిగినా పాత సందడి లేదంటారు.

తుపాకీ ఒక్కటే కారణమా?

వేట వల్ల తగ్గలేదని ఎవరూ అనరు. పిల్లలు ఇంకా గుడ్డు దాటని రోజుల్లో తల్లిని కొడితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ముక్కు చివర పసుపు మచ్చ ఉండే బాతు ఏడాదంతా మన దగ్గరే ఉండి, ఇక్కడే పిల్లల్ని చేస్తుంది. దాని గూడు చెరువు గట్టున గడ్డిలోనే.

కానీ వల పక్కన పెట్టేశాక కూడా బాతులు తిరిగి రాలేదంటే వేరే లెక్కలు చూడాలి. కుంటల్లో సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. ఒడ్డు దున్నేసి పైరు పెట్టారు. చేపలకి వేలం పాడినచోట పక్షుల్ని టపాకాయలు కాల్చి తోలతారు. చేలల్లో కొట్టిన మందు వాననీళ్లతో కుంటలోకే దిగుతుంది. బోర్లు లోతుకి పోయేకొద్దీ కుంటల్ని పట్టించుకునే నాథుడు కరువయ్యాడు. ఇందులో ఏది ఎంత కారణమో ఎవరైనా కూర్చుని లెక్క తీస్తేనే తేలుతుంది.

దేశం మొత్తం మీద లెక్క మాత్రం వచ్చింది. 2023లో విడుదలైన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. బాగా తగ్గుతున్న గుంపుల్లో బాతులు కూడా ఉన్నాయని చెప్పింది. ఆ నివేదికకి ఆధారం ఎవరో కాదు, మనలాంటి మామూలు జనం ఫోన్లలో, కంప్యూటర్లలో నమోదు చేసిన పక్షుల జాబితాలు.

పైగా వీటిలో చాలా పక్షులు మనవి మాత్రమే కావు. తల మీద రెండు నల్ల గీతలుండే బాతు మంగోలియా, టిబెట్‌లలో పిల్లల్ని పెంచి, హిమాలయాలు దాటి మన చెరువులకి వస్తుంది. ట్రాకర్లు కట్టి చూస్తే కొన్ని 7,000 మీటర్లకు పైన ఎగిరాయని తేలింది. అంత దూరం వచ్చిన చుట్టానికి మన ఊరి కుంటలో నీళ్లు లేకపోతే ఎటు పోతుంది?

వేటగాడే కాపలాదారు

వేటగాళ్ల దిగులు పక్షులకి మేలు చేసిన సందర్భాలున్నాయి. మనకి దగ్గర్లోనే, ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరం అంచున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు పక్షుల వేటకి పేరుపడింది. 2000 ప్రాంతంలో ఊరివాళ్లే సంఘం పెట్టుకుని కాపలా మొదలెట్టారు. ఇప్పుడు అదే వేటగాళ్లు పడవలు నడుపుతూ పర్యాటకులకి పక్షుల్ని చూపిస్తున్నారు. అమెరికాలో అయితే 1934 నుంచి బాతుల వేటకి ప్రత్యేక స్టాంపు కొనాలి. ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు.

మన దేశంలో ఆ దారి లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, 1991 సవరణ తర్వాత లైసెన్సు వేట కూడా పోయింది. ఉచ్చు పెట్టినా, గుడ్లు పాడుచేసినా వేటే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కొన్ని జాతుల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. కాబట్టి బాతు కూర వీడియో పెట్టి లైకులు లెక్కపెట్టుకునే తమ్ముళ్లూ, ఆ రీల్ మీకే సాక్ష్యమవుతుంది, జాగ్రత్త!

మరి మనమేం చేయొచ్చు? ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. 1987 నుంచీ నడుస్తోంది. అందులో మన ఊరి కుంట కూడా చేరొచ్చు. 'ఈబర్డ్' యాప్ ఉచితం. తేదీ, చోటు, చూసిన పక్షులు, ఎన్ని ఉన్నాయో రాస్తే చాలు. పేరు తెలియకపోతే ఫొటో తీయండి. ఏమీ కనబడకపోయినా నమోదు చేయండి, ఖాళీ చెరువు కూడా సమాచారమే.

వెళ్లేటప్పుడు ఊళ్లో పాత వేటగాడు ఎవరైనా ఉంటే వెంటబెట్టుకెళ్లండి. తాతా, ఇక్కడ అప్పట్లో ఏవి దిగేవి, ఏ నెలలో వచ్చేవి అని అడిగి రికార్డు చేసుకోండి. పాత కేసుల భయం పెట్టకండి, పేరు బయట పెట్టకండి. ఆ యాభై ఏళ్ల జ్ఞాపకం ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన పోతే అదీ పోతుంది. అప్పుడు కుంట ఖాళీగా ఉన్నా, అది ఎప్పుడూ అలాగే ఉండేదేమో అనుకుంటాం.