మీకు తెలుసా? వైట్ టౌన్ కంచంలో ఎవరి ఊరు వారిదే!

పుదుచ్చేరి వెళ్లినవాళ్లు ఒకప్పటి ఫ్రెంచివాళ్ల పేట వైట్ టౌన్‌లో పసుపు గోడల ముందు ఫొటో దిగి, ఒక క్రోసాంట్ తిని, "ఫ్రెంచి తిండి రుచి చూశాం" అనుకుంటూ తిరిగొస్తారు. సముద్రానికీ పాత కాలవకీ మధ్య ఇరుక్కున్న ఆ కాసిని వీధుల్లోని తిండి ఫ్రాన్సు వాళ్ల సొత్తు మాత్రమే కాదు. సొంత ఊరికి దూరమైనవాళ్లు ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన రుచులన్నీ అక్కడ పోగుపడ్డాయి. అందులో మన గోదావరి వాటా కూడా ఉంది.

గోదారి ఒడ్డున ఓటు, సముద్రం ఒడ్డున సభ

పుదుచ్చేరి శాసనసభ ఉన్నది వైట్ టౌన్‌లోనే, భారతి పార్కు దగ్గర. ఎన్నికయ్యే 30 మంది సభ్యుల్లో ఒకరు అచ్చ తెలుగు ఊరి నుంచి వస్తారు. ఆ ఊరు యానాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పక్కనే గౌతమీ గోదావరి, పాలన మాత్రం పుదుచ్చేరిది. రెండింటికీ మధ్య దూరం 800 కిలోమీటర్లకు పైమాటే. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న అది చట్టప్రకారం ఖాయమైంది.

ఇన్ని మార్పుల్లోనూ యానాం వంటిల్లు మారలేదు. గోంగూర, పనసపొట్టు కూర, చేపల పులుసు, పక్కనే ఉన్న కాకినాడ నుంచి గొట్టం కాజా. ఫైళ్ల పని మీద వైట్ టౌన్‌కి వచ్చిన యానాం మనిషి అరిటాకులో సాంబారు, కూటు, పొరియల్ తృప్తిగానే తింటాడు. కానీ పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆవకాయ కోసం చూస్తాడు. ప్రభుత్వం ఒక్కటైనా నాలుక ఏ ఊరిది ఆ ఊరిదే.

ఒకే చేప మీద ఇద్దరి బెంగ

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న మాట గోదావరి జిల్లాల్లో వినని వాళ్లుండరు. సముద్రంలో తిరిగే ఈ చేప గుడ్లు పెట్టడానికి వరద రోజుల్లో గోదావరికి ఎదురీదుతుంది. సముద్రంలో పట్టినప్పుడు లేని రుచి ఏటి నీళ్లు తగిలాకే వస్తుందని మన నమ్మకం. ఎర్రనీరు దిగే కాలంలో యానాం మార్కెట్‌లో ఒక్కో పులస ధర వేలల్లో పలుకుతుంది. చింతపండు పులుసులో బెండకాయలు వేసి, ఆవకాయ మీది నూనె చిలకరించి, సన్న సెగ మీద మరిగించి, మర్నాడు తింటేనే దాని అసలు రుచి.

సరిగ్గా ఈ చేపే బెంగాలీల ఇలిష్. వైట్ టౌన్‌లో బెంగాలీలూ తక్కువేం కాదు. యోగి అరవిందులు బెంగాల్‌లో అప్పటికి ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉన్న చందన్‌నగర్‌లో కొన్నాళ్లు తలదాచుకుని, 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరారు. 1926లో ఆయన ఆశ్రమం ఏర్పడింది. ఆయన వెంట, ఆయన తర్వాత బెంగాల్ నుంచి ఎందరో వచ్చి స్థిరపడ్డారు. అలా యానాం ఉద్యోగికీ బెంగాలీ సాధకుడికీ వానాకాలంలో గుర్తొచ్చే చేప ఒక్కటే. వండే తీరే వేరు. మనకు చింతపండు లేనిదే పులుసు లేదు, వాళ్లకు ఆవముద్ద లేనిదే ఇలిష్ లేదు.

చేప గుర్తొచ్చినా, పప్పన్నమే

ఆశ్రమ భోజనశాల 1934 నుంచి నడుస్తోంది. అక్కడ పూర్తిగా శాకాహారం: అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు, ఆశ్రమంలోనే కాల్చిన రొట్టె. కారం, మసాలా నామమాత్రం. గుజరాతీ, ఒడియా, బెంగాలీ, తెలుగు, ఫ్రెంచి అన్న తేడా లేకుండా అందరికీ ఒకే వంట. పప్పన్నం మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు కాబట్టే ఇన్ని దశాబ్దాలు నడిచిందనిపిస్తుంది.

వడోవాన్ అంటే మన తాలింపు వడియమే

అమెరికా, ఐరోపాల్లో పెద్ద పెద్ద షెఫ్‌లు "ఫ్రెంచి కర్రీ పొడి" అంటూ వాడే వడోవాన్‌కి పుట్టిల్లు పుదుచ్చేరి ప్రాంతపు వంటిళ్లు. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి దంచి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, పసుపు, కరివేపాకు కలిపి, ఆముదం రాసి ఉండలు చుట్టి, రోజుల తరబడి ఎండబెడతారు. కావలసినప్పుడు ఒక ఉండ చిదిపి నూనెలో వేయిస్తే పోపు తయారైనట్టే. రాయలసీమ ఇళ్లలో తాలింపు వడియాలు పెట్టుకునేవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారు. వాళ్ల డాబా మీద ఎండేదీ, విదేశీ దుకాణంలో చిన్న సీసాలో ఖరీదుగా అమ్మేదీ దగ్గరి చుట్టాలే.

సైగాన్ నుంచి వచ్చిన రోల్

పుదుచ్చేరి పాత కుటుంబాల్లో కొన్నింట పండక్కి వియత్నాం వంటకాలు వండుతారు. ఫ్రెంచివాళ్లు వియత్నాంను ఏలిన రోజుల్లో పుదుచ్చేరి నుంచి ఎంతోమంది సైనికులుగా, గుమాస్తాలుగా, పోలీసులుగా సైగాన్ వెళ్లారు. కొందరు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. 1954 మే 7న వియత్నాంలోని డియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సేన ఓడిపోయింది. ఫ్రెంచి పాలన అంతరించాక తిరిగొచ్చిన కుటుంబాలు పలచటి బియ్యపు రేకులో మాంసం, కూరగాయలు చుట్టి వేయించే నెమ్ రోల్‌ని వెంట తెచ్చుకున్నాయి. రంగూన్ వదిలి వచ్చినవాళ్ల వల్ల చెన్నై బర్మా బజార్ దగ్గర అత్తో నూడుల్స్ బళ్లు వెలిసినట్టే ఇదీను. ఆస్తులు అక్కడే వదిలేసి రావలసి వచ్చినా, వంట చేసే చెయ్యి మాత్రం వెంట వస్తుంది.

కేకులో బొంబాయి రవ్వ

పుదుచ్చేరి క్రిస్మస్ కేకు మైదాతో కాదు, రవ్వతో చేస్తారు. వెన్న, గుడ్లు, పంచదార, జీడిపప్పు, రమ్ములో నానబెట్టిన ఎండుద్రాక్ష అన్నీ రవ్వలో కలుస్తాయి. పేరు వివికం కేకు. ఇలాంటి ఇంటి వంటకాలను లూర్ద్ తిరువంజియం లూయీ 2012లో "ది పాండిచేరి కిచెన్" పేరుతో పుస్తకంగా తెచ్చారు. ఆ వంటల్లో ఫ్రెంచి పద్ధతి ఉంటుంది, పసుపూ కొబ్బరిపాలూ ఉంటాయి. ఇవి ఎక్కువగా ఇళ్లలోనే బతుకుతున్నాయి, హోటల్ మెనూల్లో దొరికేవి కొన్నే.

రేవు కచేరీలో కాఫీ, పారిస్‌లో అరకు

బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహానికి దగ్గర్లో, సముద్రానికి ఆనుకుని ఉన్న "లె కఫే" ఒకప్పటి రేవు కార్యాలయం. ఇప్పుడు దాన్ని పర్యాటక శాఖ వారి సంస్థ నడుపుతోంది. కాలవ అవతల నెహ్రూ వీధిలో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. యాన్ మార్టెల్ 2001లో రాసిన "లైఫ్ ఆఫ్ పై" నవల ముందుమాటలో అసలు కథ సంగతి మొదట చెవినపడేది ఆ కాఫీ హౌస్‌లోనే. ఇండియన్ కాఫీ హౌస్‌లు కార్మికుల సహకార సంఘాలవి. టోపీ పెట్టుకున్న సర్వరు తెచ్చే కాఫీ కోసం పాతికేళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చునే పెద్దమనుషులు ఏ ఊరి కాఫీ హౌస్‌లోనైనా కనిపిస్తారు.

కాఫీ ఫ్రెంచివాళ్ల అలవాటని అనుకుంటాం గానీ, ఇప్పుడు ఆ కాఫీ ఎదురు ప్రయాణం కూడా చేసింది. మన విశాఖ మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2017లో పారిస్ నగరం నడిబొడ్డున దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్‌లో ఉండే తెలుగు కుర్రాడికి ఇంటిని గుర్తుచేసే కప్పు అక్కడే దొరుకుతోందన్నమాట.

వెళ్లేవాళ్లకి ఒక మాట

బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు దాటితే వాహనాలు తిరగవు, హాయిగా నడవచ్చు. పొద్దున్నే బేకరీకి వెళ్తే బాగెట్ వేడిగా దొరుకుతుంది. మధ్యాహ్నం మాత్రం వైట్ టౌన్ వదిలి కాలవ దాటండి. తమిళుల వీధుల్లో మామూలు మీల్స్ హోటల్లో అరిటాకు ముందు కూర్చోండి, ఆ ఊరివాళ్లకు ఇల్లు గుర్తొచ్చే రుచి అదే. పాత పుదుచ్చేరి కుటుంబాలతో పరిచయం ఉంటే మొహమాటపడకుండా వడోవాన్ వేసిన కూర అడగండి. పుదుచ్చేరి తిండిలో తెలుగు వాటా చూడాలంటే మాత్రం అంత దూరం వెళ్లనక్కర్లేదు. వరదల కాలంలో కాకినాడలో బస్సెక్కి యానాంలో దిగండి. జేబు బరువుగా ఉండేలా చూసుకోండి, పులస అప్పు పెట్టరు!