ఒంటి దూలము మీది రైలు

2025 ఆగస్టు 19వ తేదీన ముంబయి నగరమున కుండపోతగా వాన కురిసినది. పట్టాలు నీట మునిగి హార్బరు మార్గపు లోకల్ రైళ్లు నిలిచిపోయినవి. ఇండ్లకు చేరవలసిన ఉద్యోగులు, కూలీలు, విద్యార్థులు వేరు దారి లేక, నేలకు చాల ఎత్తున స్తంభములపై పోవు మోనోరైలు స్టేషనులకు ఎగబడిరి. ఆ సాయంత్రము మైసూరు కాలనీ, భక్తి పార్కు స్టేషనుల నడుమ ఒక బండి ఉన్నట్లుండి ఆగిపోయినది. కరెంటు పోయినది, చల్లనిగాలి యంత్రములు ఆగినవి, మూసిన పెట్టెలలో జనమునకు ఊపిరి ఆడలేదు. అగ్నిమాపక దళమువారు నిచ్చెనబండ్లు తెచ్చి, కొన్ని గంటలు శ్రమించి, 582 మందిని క్రిందికి దింపిరి.

ఇట్లు జరుగుటకు అధికారులు చెప్పిన కారణము స్వల్పముగానే కన్పట్టును. ఆ బండికి తగిన మొత్తము బరువు 104 టన్నులు. ఆనాడది 109 టన్నులకు చేరినది. ఆ భారముచే బండికి కరెంటు నందించు స్పర్శ తెగిపోయినది. ఇందు విచిత్రమేమనగా, జనము ఎక్కువై నిలిచిపోయిన ఈ రైలే అంతకుముందు పదునొకండేండ్లుగా జనము లేని రైలని పేరుపడియున్నది. రోజుకు లక్షకు పైగా ప్రయాణీకులు వత్తురని అంచనా వేసి కట్టగా, సగటున ఎక్కినవారు ఇరువదివేలకు లోపే. మామూలు దినములలో జనము రాదు. వచ్చిన దినమున బండి మోయలేదు. ఈ రెండు లోపముల వేళ్లును ఒక్కచోటనే ఉన్నవి. వానిని కనుగొనవలెనన్న మొదట ఈ బండి ఎట్లు నడచునో చూడవలెను.

మోనోరైలు అనగా ఒంటిపట్టా రైలు. సామాన్యపు రైలుకు రెండు ఇనుప పట్టాలుండును. ఉక్కు చక్రపు అంచు వానిని ఒరసికొని బండిని దారి తప్పకుండ కాపాడును. ముంబయి మోనోరైలుకు అట్టి పట్టాలు లేవు. పెద్ద కాంక్రీటు దూలమే దానికి దారి. మనిషి గుర్రముపై చెరియొకవైపు కాలు వేసి కూర్చున్నట్లు పెట్టె ఈ దూలముపై కూర్చుండును. బరువు మోయు రబ్బరు టైర్లు దూలము పైముఖమున దొర్లును. ఇరుప్రక్కల అడ్డముగా అమర్చిన చిన్న టైర్లు దూలమును అదిమిపట్టి, బండి ఒరిగిపోకుండ చూచును. దూలము ప్రక్కనే కరెంటు పట్టా ఉండును. అందు 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రవహించును. బండికి అమర్చిన లోహపు పలక దానిని తాకుచు విద్యుత్తును మోటార్లకు చేర్చును. ఆగస్టు 19న తెగినది ఈ స్పర్శయే.

ఈ ఏర్పాటులో సుగుణములు లేకపోలేదు. దూలము సన్ననిది. టోక్యో నగరపు మోనోరైలు దూలము వెడల్పు 80 సెంటీమీటర్లే. వెడల్పైన వంతెనవలె అది వీధిని చీకటి చేయదు. స్తంభములకు రోడ్డు నడుమ కొద్ది చోటు చాలును. రబ్బరు టైరు కాంక్రీటును గట్టిగా పట్టుకొనును గనుక బండి నిట్రమైన ఎత్తులు ఎక్కగలదు, చప్పుడు తక్కువ. అయితే ప్రతి సుగుణమునకు ఒక వెల కలదు. రబ్బరు టైరు ఉక్కు చక్రమంత బరువు మోయలేదు. అది దొర్లునపుడు అణగుచు లేచుచు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకొనును, త్వరగా అరుగును. అందుచే పెట్టెలు చిన్నవిగా, తేలికగా ఉండవలెను. ఇక దూలము సన్ననిదగుటచే దాని ప్రక్కన కాలు మోపుటకు చోటు లేదు. మెట్రో బండి నడుమ దారిలో ఆగినచో ప్రయాణీకులను దింపి మార్గము వెంట నడిపింపవచ్చును. ఇచట తలుపు తెరచినచో ఎదుట శూన్యమే. అందుకే ఆనాడు నిచ్చెనలు కావలసివచ్చినవి.

ముంబయి బండికి నాలుగు పెట్టెలు. అందు సుమారు 560 మందికి చోటు. తలలు లెక్కించినచో ఆ సాయంత్రము అధికముగా ఎక్కినవారు ఇరువదిమందికి పైచిలుకు మాత్రమే. కాని టైర్లు తూచునది తలలను గాదు, టన్నులను.

ఒంటిపట్టా రైలు క్రొత్త కల్పన కాదు. జర్మనీలోని వుప్పర్టాల్ నగరమున 1901లోనే ఉక్కు దూలమునుండి వ్రేలాడుచు పోవు రైలు ప్రారంభమైనది. 13 కిలోమీటర్ల ఆ మార్గమున బండ్లు నది మీదుగా పోవుచుండును. దూలముపై స్వారి చేయు రకమును స్వీడను దేశపు పారిశ్రామికుడు ఆక్సెల్ వెన్నర్‌గ్రెన్ ఆదరణతో 1950 దశకమున జర్మనీలో రూపొందించిరి. 1962లో సియాటిల్ ప్రదర్శనకు, 1964లో టోక్యోకు వచ్చినది ఈ రకమే. ముంబయిది అదే కుటుంబమునకు చెందినది.

ముంబయి మార్గపు తొలిభాగము 2014 ఫిబ్రవరిలో చెంబూరునుండి వడాల డిపో వరకు తెరువబడినది. మొదటి దినములలో పిల్లలతో వచ్చి వింతగా తిరిగినవారే ఎక్కువ. వింత తీరిన పిమ్మట బండ్లు వెలవెలబోయినవి. ఇందుకు కారణము టికెట్టు ధర కాదు. అప్పుడది 5 రూపాయలనుండి 11 రూపాయలే. కారణము దారిలోనే ఉన్నది. స్టేషనుల పేర్లే సాక్ష్యము: ఫెర్టిలైజర్ టౌన్‌షిప్, భారత్ పెట్రోలియం, మైసూరు కాలనీ, భక్తి పార్కు. ఎరువుల కర్మాగారము, చమురు శుద్ధి కేంద్రము, ఉప్పుమళ్లు గల ఈ ప్రాంతమున బహుళసంఖ్యలో జనులు కాపురముండరు. పైగా చెంబూరునుండి వడాలకు కుర్లా మీదుగా హార్బరు లోకల్ రైలు ముందే ఉన్నది. కొన్ని నిమిషములకొక బండి వచ్చును. ఐదేండ్లపాటు మోనోరైలు చివరి స్టేషను డిపోయే. సాయంకాలము పశువులను కొట్టమునకు తోలినట్లు అది ప్రయాణీకులను డిపోలో దించుచుండెను.

రెండవభాగము 2019 మార్చిలో తెరువబడినది. ఇది వడాలనుండి దాదర్ తూర్పు, నాయగావ్, లోయర్ పరేల్ మీదుగా జేకబ్ సర్కిల్, అనగా సంత్ గాడ్గే మహారాజ్ చౌక్ చేరును. మొత్తము మార్గము ఇంచుమించు 20 కిలోమీటర్లు, స్టేషనులు 17. ఈ దారిలో జనమునకు కొదువ లేదు. లోయర్ పరేల్ ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. తెలంగాణ జిల్లాలనుండి వలసపోయిన పద్మశాలి నేతపనివారు ఆ చుట్టుప్రక్కల మిల్లులలో వేలాదిగా పనిచేసిరి. నేడు మిల్లుల స్థానమున కార్యాలయ భవనములు లేచినవి. అయినను మోనోరైలుకు తగినంత జనము రాలేదు. ఈసారి లోపము దారిలో కంటె బండ్ల సంఖ్యలో ఉన్నది.

ఈ విషయము చిన్న లెక్కతో తేలును. 20 కిలోమీటర్ల దారిని బండి స్టేషనులలో ఆగుచు గంటకు 30 కిలోమీటర్ల సగటున పోయినచో పోను 40 నిమిషములు, రాను 40. రెండు చివరల మరలుటకు మరి 10 కలిపిన, ఒక చుట్టు 90 నిమిషములు. ఈ 90ని బండ్ల సంఖ్యచే భాగించినచో బండికి బండికి గల వ్యవధి వచ్చును. 15 బండ్లు తిరిగిన 6 నిమిషములకొకటి. 5 బండ్లే తిరిగిన 18 నిమిషములకొకటి. ఆరు నిమిషములకొక బండి యున్న గంటకు ఒక వైపున 5,600 మంది పోవచ్చును. 18 నిమిషములైన 1,900 మందికైన చోటు లేదు. మూడు స్టేషనుల దూరము పోవువాడు ఆరేడు నిమిషముల ప్రయాణమునకు పావుగంట వేచియుండడు. క్రిందికి దిగి బస్సో టాక్సీయో చూచుకొనును. వేచియుండు కాలము రైలు వేగమును మింగివేయునని రవాణా శాస్త్రజ్ఞులు చెప్పుమాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

బండ్లేల చాలలేదు? 2008లో లార్సెన్ అండ్ టూబ్రో, మలేషియాకు చెందిన స్కోమీ సంస్థల కూటమికి సుమారు 2,460 కోట్ల రూపాయలకు ఈ పని అప్పగింపబడినది. 15 బండ్లు రావలసియుండగా 10 మాత్రమే వచ్చినవి. అవియైన అన్నియు ఒక్కసారి నడచుట అరుదు. 2017 నవంబరు 9వ తేదీ తెల్లవారుజామున మైసూరు కాలనీ వద్ద ఖాళీ బండి రెండు పెట్టెలు కాలిపోయినవి. అదృష్టవశమున ఎవరికిని హాని కలుగలేదు గాని, రాకపోకలు 2018 సెప్టెంబరు వరకు నిలిచిపోయినవి. ఆ ఏడాది డిసెంబరులో ముంబయి మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ ఒప్పందమును రద్దుచేసి నిర్వహణమును తానే చేపట్టినది. విడిభాగములు బజారులో దొరకునవి కావు. ఒక బండి భాగములూడదీసి మరియొక దానికి అమర్చి నడుపవలసిన దుస్థితి ఏర్పడినది. బండ్లు తగ్గిన జనము తగ్గును. జనము తగ్గిన రాబడి తగ్గును. రాబడి లేనిచోట క్రొత్త బండ్లు కొనుటకు ధైర్యము చాలదు.

దోషమంతయు ఒంటి దూలమునకే అంటగట్టుట న్యాయము కాదు. చైనాలోని చోంగ్‌చింగ్ నగరము రెండు మహానదులు కలియుచోట కొండలమీద వెలసినది. ఎత్తుపల్లములు ఎక్కి దిగుటకు అచట రబ్బరు టైర్లే మేలని 2005లో మోనోరైలును ప్రవేశపెట్టిరి. ఒకచోట బండి నివాస భవనము నడుమనుండి దూరిపోవును. దానిని చూచుటకే యాత్రికులు గుమిగూడుదురు. ఆ నగరపు మూడవ మార్గము శాఖతో కలిసి సుమారు 67 కిలోమీటర్లు. అది విమానాశ్రయమును, రైల్వే స్టేషనును, జనసమ్మర్దముగల పేటలను ఒకే తీగపై పూసలవలె గ్రుచ్చినది. 2014లో ఆ ఒక్క మార్గమున సుమారు 25 కోట్ల ప్రయాణములు జరిగినవి. అనగా రోజుకు ఆరున్నర లక్షలకు పైగా. అచట బండ్లు ఆరు పెట్టెలవి, ఎనిమిది పెట్టెలవి. టోక్యోలో సయితము 1964లో హనేడా విమానాశ్రయమునకు మార్గము తెరచినప్పుడు, టికెట్టు ధర హెచ్చగుటచే మొదట జనము వెనుదీసిరి. ధర తగ్గి, విమాన ప్రయాణీకులు పెరిగిన పిమ్మట ఆ మార్గము నిలదొక్కుకొన్నది.

మరి ముంబయి మార్గమును పొడిగింపవచ్చునా? ఇచట మోనోరైలు మరొక స్వభావము అడ్డువచ్చును. మామూలు రైలు దారి మారవలెనన్న రెండు సన్నని ఇనుప నాలుకలు కొన్ని అంగుళములు జరిగిన చాలును. మోనోరైలు దారి మారవలెనన్న టన్నులకొలది బరువైన దూలపు ముక్కయే యంత్రముతో ప్రక్కకు జరుగవలెను. ఖర్చు ఎక్కువ, కాలము ఎక్కువ. అందుచే శాఖలు వేయుట, వేరొక మార్గమును కలుపుట కష్టము. అంతేకాక ఒక కంపెనీ దూలముపై మరొక కంపెనీ బండి సులభముగా సరిపడదు. సియాటిల్‌లో సుమారు 22 కిలోమీటర్ల క్రొత్త మోనోరైలు కట్టుటకు 2002లో పౌరులు వోటువేసి ఒప్పుకొనిరి. వడ్డీతో కలిసి ఖర్చు ఎక్కడికి పోవునో తెలిసిన పిమ్మట 2005లో ఆ వోటర్లే త్రోసిపుచ్చిరి. ముంబయి ప్రాంతమున ఠాణే–భివండీ–కల్యాణ్ మోనోరైలు తలపెట్టియు విడిచి, ఆ దారిని మెట్రోకు ఇచ్చిరి. ముంబయిలో ఒక లోకల్ బండియే రద్దీవేళ నాలుగైదు వేలమందిని మోయును. 560 మంది బండి అట్టి మహానదులకు ఉపనదిగా పనికివచ్చును గాని మరొక మహానది కాజాలదు.

కాబట్టి దూలమును పొడిగించుట కంటె ఉన్న దూలముపై బండ్లు పెంచుట మొదటి పని. దీనికి సాయము హైదరాబాదునుండి వచ్చుట తెలుగు పాఠకులకు ఆసక్తి గొలుపును. ఆ నగరమునకు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ సంస్థ, మలేషియాలోని ఎస్.ఎం.హెచ్. రైల్ సంస్థతో కలిసి 10 క్రొత్త బండ్లు నిర్మించుటకు పూనుకొన్నది. 2025 సెప్టెంబరు నాటికి వానిలో 8 ముంబయి చేరినవి. రేడియో తరంగములతో బండ్ల నడుమ ఎడమును కనిపెట్టుచు నడుపు సంకేత పద్ధతియు హైదరాబాదులోనే రూపొందినది. ఈ పద్ధతిలో బండ్లను దగ్గరదగ్గరగా నడుపవచ్చును. వీనిని అమర్చుటకై 2025 సెప్టెంబరు 20నుండి రాకపోకలను పూర్తిగా నిలిపివేసిరి. పాత బండ్లలో ఏడింటినైన బాగుచేసి క్రొత్తవానితో కలిపిన 17 అగును. పై లెక్క ప్రకారము అయిదు నిమిషములకు కొంచెము పైగా ఒక బండి. అయితే పని అంత సాఫీగా సాగలేదు. నవంబరు 5న వడాల వద్ద పరీక్ష జరుపుచుండగా క్రొత్త బండి యొకటి దూలముపై ఒరిగిపోయినది.

రెండవ పని చివరలను అతుకుట. 2025 అక్టోబరులో పూర్తిగా తెరువబడిన భూగర్భ మెట్రో మూడవ మార్గమునకు మహాలక్ష్మి వద్ద స్టేషను కలదు. జేకబ్ సర్కిల్ స్టేషనునుండి అది కిలోమీటరు లోపే. ఈ నడుమ కప్పుగల నడకవంతెన వేయవలెనని ఆలోచన సాగినది. ఇందుకు క్రొత్త దూలము కాని, దారిమార్పు యంత్రము కాని అక్కరలేదు. వానలో తడియకుండ పదినిమిషములు నడచుటకు ఒక దారి చాలును.