హద్దుల గణితము: నిత్యజీవితమున అసమీకరణములు

గణితమనగానే మనకు ముందుగా స్ఫురించునది సమీకరణము. ఇటు ఎంతయో అటును అంతే. కాని సంతలోను, మగ్గము వద్దను, మెట్టపొలములోను “సరిగా ఇంత” అని పలుకుట అరుదు. “ఇంతకు మించరాదు”, “ఇంతకు తగ్గరాదు” అనియే పలుకుదుము. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు మన సీమలో బ్రతుకంతయు హద్దుల నడుమనే సాగును. ఆ హద్దులను గుర్తులతో వ్రాసినచో అదియే అసమీకరణము.

హెచ్చుతగ్గులను తెలుపు గుర్తులు మొదట అచ్చులో కనిపించినది 1631లో, ఆంగ్ల గణితజ్ఞుడు థామస్ హారియట్ మరణానంతరము వెలువడిన గ్రంథములో. “మించరాదు” అనునది ≤ గుర్తు. “తగ్గరాదు” అనునది ≥ గుర్తు. సాధించుటకన్న ఈ మాటను గుర్తుగా మార్చుటయే విద్యార్థికి కష్టము.

ఒక చిన్న ఉదాహరణము. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండను చూచుటకై హిందూపురము నుండి 110 మంది విద్యార్థులు బయలుదేరిరనుకొందము. బస్సులో 45, వ్యానులో 15 చోట్లు కలవు. బస్సుల సంఖ్య బ, వ్యానుల సంఖ్య వ అనుకొన్నచో,

45బ + 15వ ≥ 110

రెండు బస్సులు, రెండు వ్యానులు కుదుర్చుకొన్నచో 120 చోట్లగును. పది చోట్లు మిగులుట దోషము కాదు. గుర్తును తారుమారుగా ≤ అని వ్రాసినవాడు రెండు బస్సులు, ఒక వ్యానుతో తృప్తిపడును. అపుడు 105 చోట్లే యుండుటచే ఐదుగురు మిత్రులు బస్టాండులోనే నిలిచిపోవుదురు.

ఇక పట్టుచీరలకు పేరుగన్న ధర్మవరమునకు పోదము. ఒక చేనేత కుటుంబమునకు ఒక మగ్గము కలదు. లెక్క సులభమగుటకై ఈ అంకెలను మనము కల్పించుకొన్నాము. సాదా చీరకు 5 రోజులు, జరీ చీరకు 10 రోజులు పట్టును. పడుగుకు, పేకకు కలిపి సాదా చీరకు 500 గ్రాములు, జరీ చీరకు 750 గ్రాముల పట్టునూలు కావలెను. పెండ్లిండ్ల కాలమునకు ముందు 100 పనిదినములు, 9 కిలోల నూలు ఉన్నవి. జరీ చీరలు రెంటికి తగ్గరాదని వర్తకుని షరతు. సాదా చీరలు స, జరీ చీరలు జ అయినచో,

రోజులు: 5స + 10జ ≤ 100
నూలు: 500స + 750జ ≤ 9,000
షరతు: జ ≥ 2
మరియు స ≥ 0.

సగము చీర అమ్ముడుపోదు గనుక స, జ పూర్ణసంఖ్యలే కావలెను. ఈ హద్దులను గ్రాఫు కాగితముపై గీచినచో నాలుగు మూలలు గల క్షేత్రమేర్పడును. కూలి సాదా చీరకు 2,000 రూపాయలు, జరీ చీరకు 3,500 అనుకొందము. అత్యధిక ఆదాయము ఏదో ఒక మూల వద్ద లభించును.

సాదా 0, జరీ 2: 7,000
సాదా 15, జరీ 2: 37,000
సాదా 12, జరీ 4: 38,000
సాదా 0, జరీ 10: 35,000

కనుక 12 సాదా, 4 జరీ చీరలు నేయుట ఉత్తమము. ఇట్టి లెక్కలనే 1939లో లెనిన్‌గ్రాడులో కంటొరోవిచ్, ప్లైవుడ్ కర్మాగారపు యంత్రములకు పని పంచుటకై చేసెను. 1947లో అమెరికాలో డాంట్జిగ్ వీటికి సింప్లెక్స్ పద్ధతిని కనుగొనెను.

అయితే మనమొక హద్దును మరచితిమి. ఆ నూరు రోజులలో ఇంటి ఖర్చునకు, అప్పు వాయిదాకు కలిపి 40,000 రూపాయలకు తగ్గరాదనుకొందము:

2,000స + 3,500జ ≥ 40,000

దీనిని చేర్చగానే క్షేత్రము శూన్యమగును. అన్ని హద్దులకు లోబడు బిందువు ఒక్కటియు లేదు. “ఇంకను కష్టపడి నేయవలెను” అను సలహా ఇచట నిష్ప్రయోజనము. నూరు రోజులును ఇప్పటికే మగ్గమునకు అర్పితములు. నూలు ఎంత అధికముగా ఇచ్చినను 16 సాదా, 2 జరీ చీరలతో ఆదాయము 39,000 దాటదు. కూలిని సాదా చీరకు 2,100, జరీ చీరకు 3,700 చేసినచో, ఆ 12, 4 చీరల వద్దనే సరిగా 40,000 లభించును. లోపము నేయువాని శ్రమలో లేదు, కూలిలో కలదని ఈ ఐదు పంక్తులు తేల్చి చెప్పుచున్నవి.

కావున విద్యార్థులారా, ముందుగా తెలియని రాశులకు పేర్లు పెట్టుడు. గ్రాములు, కిలోలు కలగాపులగము కాకుండ ప్రమాణములను సరిచూడుడు. “మించరాదు”, “తగ్గరాదు” అను మాటలను వేరుపరచి గుర్తులు వేయుడు. చివరగా, వ్రాయక విడిచిన హద్దు ఏదైన కలదా యని ప్రశ్నించుకొనుడు. పరీక్షలో ఆ హద్దును ప్రశ్నాపత్రమే ఇచ్చును. ఇంటిలో మనమే వెదకి వ్రాయవలెను.