వార్తల్లో పదం: బాట్‌నెట్
సైబర్ దాడుల వార్తల్లో తరచూ వినిపించే బాట్‌నెట్ అంటే, యజమానికి తెలియకుండా హ్యాకర్ల అదుపులోకి వెళ్లి వాళ్లు చెప్పినట్టల్లా ఆడే పరికరాల దండు. ఇంటి రౌటర్ అందులో చేరడానికి పెద్ద లోపమేమీ అక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీలు ముందే పెట్టి పంపిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఓ 60 దాకా వరసగా ప్రయత్నించి కెమెరాలు, రౌటర్లలో చొరబడింది. ఆ అక్టోబరు 21న వాటిని వెబ్‌సైట్ల పేర్లను నెట్ చిరునామాలుగా మార్చే (డీఎన్‌ఎస్) సేవలందించే డైన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మొరాయించాయి.

‘మా ఇంట్లో దోచుకోవడానికి ఏముంది?’ అనిపించడం సహజమే. కానీ ఇక్కడ దాడి చేసేవాడికి కావలసింది మీ ఫైళ్లు కాదు, మీ కనెక్షన్. వైఫై పాస్‌వర్డ్ గట్టిదైతే చాలదు, రౌటర్ సెట్టింగుల అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రీస్టార్ట్ చేస్తే మిరాయ్ మెమరీలోంచి పోతుంది, పాత పాస్‌వర్డే ఉంటే మళ్లీ వస్తుంది. అందుకే ముందు దాన్ని మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి.