హోటలు తనిఖీ

హోటలులో భుజించువానికి వంటయిల్లు కానరాదు. వానికి బదులు ఆహార భద్రతాధికారి దానిని చూచును. మన దేశమున 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ఆయనకా యధికారము నొసగినది. ఆయన నీటితొట్టిని, నూనెడబ్బాలను, వంటవారి గోళ్ళను గూడ పరిశీలించును. అనుమానము గలిగిన పదార్థమును మాత్రము ఊరక కొనిపోరాదు. వెల చెల్లించి, నాలుగు భాగములు చేసి, సీలు వేయవలెను. పాలైనచో చెడకుండ ఫార్మలిన్ చుక్కలు కలుపుదురు.

నాలుగు భాగములేల? అమ్మువాని పరువును గూడ కాపాడుటకే. ఒక భాగము విశ్లేషకునికి పోవును. అది అందిన 14 దినములలో ఆయన నివేదిక నీయవలెను. రెండు భాగములు పై యధికారివద్ద భద్రముగా నుండును. నాలుగవది, యజమాని కోరినచో, గుర్తింపు పొందిన వేరొక ప్రయోగశాలకు పోవును. ఆ రెండు నివేదికలు విభేదించినచో, దాచిన భాగములలో నొకటి రిఫరల్ ప్రయోగశాలకు చేరును. దాని నిర్ణయమునకు తిరుగులేదు.