సాఫ్ట్‌వేరు ఎక్కకపోతే తప్పెవరిది?

ఈ వారం విత్తనాలూ ఎరువులూ పక్కనబెట్టి కంప్యూటర్ సంగతి రాస్తున్నాం. మనకూ దానికీ ఏం సంబంధం అని రైతు సోదరులు పేజీ తిప్పెయ్యవద్దు. రెండెకరాల రైతు ఇంట్లో కూడా ఇవాళ వ్యవసాయ డిప్లొమానో, ఏజీ బీఎస్సీనో చదివే పిల్లలుంటున్నారు. వాళ్ల చదువులో ఇప్పుడు కంప్యూటర్ లెక్కలు తప్పవు.

మార్కాపురం వైపు ఒక ఊళ్లో నాకు తెలిసిన కంది రైతు ఒకాయన ఉన్నాడు. కిందటేడు రెండు పొట్టేళ్లు అమ్మి కూతురికి పాత ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. ఆ అమ్మాయి చదువులో భాగంగా మూడు కంది రకాలను నాలుగేసి చోట్ల, అంటే మొత్తం పన్నెండు మళ్లలో వేసి దిగుబడి తూకం వేసింది. ఇక లెక్క కట్టాలి. దానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఎక్కితేగా! మూడు రోజులు కుస్తీ పట్టింది. నాలుగో రోజు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "అన్నా, పిల్ల అన్నం తినడం లేదు. తనకే చేతకావడం లేదని ఏడుస్తా ఉంది. మీకు పత్రికలో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఉంటారు గదా" అన్నాడు.

ఇంతకీ పన్నెండు మళ్ల తూకానికి సాఫ్ట్‌వేరెందుకు? ఏ రకం ఎక్కువ పండిందో కాటా చెప్పదా అని అడగొచ్చు. చెప్పదు. మీ చేనే చూడండి. ఒక మూల చవిటి, ఒక మూల పల్లం, గట్టు వెంట చెట్టు నీడ. ఒక మడిలో నాలుగు కిలోలు ఎక్కువొస్తే అది విత్తనం గొప్పో, నేల గొప్పో ఎట్లా తెలుస్తుంది? ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ అనే ఆయన ఈ చిక్కు విప్పడానికే ఒక పద్ధతి తయారుచేశాడు. ఒకే రకాన్ని వేర్వేరు మళ్లలో వేసి, నేల వల్ల వచ్చిన తేడాను, విత్తనం వల్ల వచ్చిన తేడాను విడదీసి చూడటం ఆ పద్ధతి. కొత్త రకం మంచిదని శాస్త్రవేత్తలు మనకు చెప్పేముందు జరిగే లెక్క ఇదే.

ఈ లెక్కను చాలామంది 'ఆర్' అనే సాఫ్ట్‌వేరుతో చేస్తున్నారు. పేరే ఒక్క అక్షరం. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. 2000 ఫిబ్రవరి 29న దీని 1.0.0 వెర్షన్ వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఎవరైనా దించుకోవచ్చు. దీనికి తోడుగా వేరేవాళ్లు రాసిన చిన్న చిన్న పనిముట్లు, వాటినే ప్యాకేజీలంటారు, 20,000కు పైగా ఉన్నాయి. పొలం ప్రయోగాల లెక్కల కోసం పెరూ దేశపు ఆయన రాసిన 'అగ్రికొలే' అనే ప్యాకేజీ ఉంది. మన అమ్మాయికి ఎక్కనిది అదే.

ఉచితం గదా, ఒక మాట కూడా ముందే చెప్పేస్తారు. 'ఆర్' తెరిచిన ప్రతిసారీ, దీనికి ఎలాంటి గ్యారంటీ లేదు అని తెర మీద కనిపిస్తుంది. మన విత్తన ప్యాకెట్ల మీద మాత్రం ఇంత పెద్ద అక్షరాలతో ఎక్కడ రాస్తారు లెండి!

మొదట ఆ అమ్మాయి సాయం అడుగుతూ ఒక్క ముక్క రాసింది: "ప్యాకేజీ ఎక్కడం లేదు, సాయం చెయ్యండి." జవాబుగా ప్రశ్నలొచ్చాయి. మీది ఏ వెర్షన్? విండోస్ ఎంత? ఏం టైపు చేశారు? ఏం మెసేజ్ వచ్చింది, మొత్తం పంపండి. అడిగినదానికి చెప్పకుండా ఎదురు ప్రశ్నలేమిటని పిల్ల చిన్నబుచ్చుకుంది. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. గేదె మేత తినడం లేదని పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మాత్రం ఏం చెప్తాడు? ఎన్నాళ్ల నుంచి, నెమరు వేస్తోందా, పేడ ఎట్లా ఉంది అని అడగడూ? ఇదీ అంతే. ఐతే సాఫ్ట్‌వేరు రాసేవాళ్లలో కొందరు, ముందు పుస్తకం చదువుకుని రమ్మని విదిలించేస్తారు. వందమంది ఒకే ప్రశ్న అడిగితే విసుగు రావడం నిజమే. కానీ వందమందికి ఒకే చోట కాలు జారుతోందంటే నడిచేవాళ్లననడం కాదు, ఆ మెట్టు సంగతి చూడాలి.

పత్రికలో పనిచేసే కుర్రాడొకడు చెప్పిన మీదట, ఆ అమ్మాయి మెసేజ్ అంతా మక్కీకి మక్కీ కాపీ చేసి పంపింది. అందులో ఫోల్డరు పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలున్నాయి. గుట్టు అక్కడే బయటపడింది. ల్యాప్‌టాప్ అమ్మిన షాపు కుర్రాడు ముచ్చటపడి యూజర్ పేరు తెలుగు అక్షరాల్లో కొట్టాడు. విండోస్ అదే పేరుతో ఫోల్డరు కట్టింది. ప్యాకేజీలు వెళ్లి కూర్చునేది ఆ ఫోల్డరులోనే. ఆ అమ్మాయి సీనియర్ల పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించుకున్న పాత 'ఆర్' 4.1కు తెలుగు అక్షరాలు తెలియవు. దారి తెలియక ఆగిపోయింది. "నా పేరే తప్పయ్యిందా బాబాయ్" అంది నాతో.

తప్పు ఆ పిల్లది కాదు. పాత విండోస్‌లో కొన్ని కొన్ని భాషలకు కలిపి ఒక్కో అక్షరాల పట్టిక ఉండేది. ఫ్రెంచివాళ్ల పేర్లకు ఒక పట్టిక, రష్యావాళ్లకు ఒకటి. వాళ్ల పేర్లు వాళ్ల కంప్యూటర్లలో ఎట్లాగో నెట్టుకొచ్చేవి. తెలుగుకు అసలు అట్లాంటి పట్టికే లేదు. పాత 'ఆర్' ఈ పట్టికల మీద ఆధారపడి నడిచేది. అందుకే చాలా ఏళ్లపాటు, ఫోల్డరు పేరు ఇంగ్లీషులో పెట్టుకోండి అనేదే అందరికీ దొరికిన జవాబు. ఉన్నంతలో పనికొచ్చే సలహాయే. కానీ తన పేరు తన భాషలో రాసుకున్నవాణ్ణి పేరు మార్చుకోమనడం మందు కాదు గదా.

అసలు మందు 2022లో పడింది. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి, అన్ని భాషల అక్షరాలూ ఉన్న ఒకే పట్టికను వాడుకునే వీలు సాఫ్ట్‌వేర్లకు దొరికింది. దాన్ని పట్టుకుని 2022 ఏప్రిల్‌లో 'ఆర్' 4.2.0 తెచ్చారు. రాసినంత తేలిక పని కాదిది. ప్యాకేజీలు మనకు అందేది నారు రూపంలో. వాళ్లే మడి కట్టి, విత్తనం చల్లి, పెంచి ఇస్తారు. మనం తెచ్చి నాటుకోవడమే. ఇప్పుడు మడే మార్చాల్సి వచ్చింది గనక, విండోస్ కోసం వేల ప్యాకేజీల నారు మొత్తం కొత్తగా పోయాల్సి వచ్చింది. 'ఆర్'ను చూసుకునే అసలు బృందం ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్లలో చాలామంది యూనివర్సిటీ పంతుళ్లే. ఎవరో నాలుగు సముద్రాల అవతల పేరు చెడి మొత్తుకున్నందుకు ఇంత పని నెత్తికెత్తుకున్నారంటే మెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక. మన అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 7. దాంట్లో కొత్త 'ఆర్' వేసినా ఈ అక్షరాల సౌకర్యం పనిచెయ్యదు. సెట్టింగుల్లో యూజర్ పేరు ఇంగ్లీషులోకి మార్చి చూసింది. ఐనా కుదరలేదు. పైన కనిపించే పేరు మారుతుంది గానీ లోపల ఫోల్డరు పేరు పాతదే ఉండిపోతుంది. చివరికి ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా, కొత్త యూజర్ అకౌంటు తెరిచింది. అరగంటలో అన్నీ ఎక్కాయి.

పిల్లలకు పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లు షాపులోనే రెండు సంగతులు అడగాలి. విండోస్ 10లో 1903 గానీ, ఆ తర్వాతిది గానీ ఉందా? యూజర్ పేరు ఏ అక్షరాల్లో పెట్టారు? కొత్త విండోస్ ఉన్నా సరే, ఇంగ్లీషు పేరు పెట్టుకోవడమే మేలు. ఎందుకంటే 'ఆర్' బాగుపడింది గానీ, మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ బాగుపడ్డాయని చెప్పలేం. పెన్‌డ్రైవ్‌లో తిరిగే పాత కాపీలు ఎక్కించుకోవద్దు. 'ఆర్' సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. తాజా వెర్షన్‌కూ, దాని ముందటి దానికీ మాత్రమే కొత్త నారు పోస్తారు. మరీ పాతదానికి కొత్త ప్యాకేజీలు రావు. సాయం అడగాల్సి వస్తే మెసేజ్‌ను ఫోనుతో సగం ఫోటో తీసి పంపకుండా అక్షరాలుగా మొత్తం కాపీ చెయ్యాలి. 'ఆర్'లో సెషన్‌ఇన్ఫో అనే ఆదేశం ఇస్తే వెర్షన్, విండోస్ వివరాలన్నీ అదే రాసిస్తుంది. దాన్ని కూడా కింద జతచెయ్యాలి.

ఆ అమ్మాయి లెక్క తేలింది. కాటా మీద ముందున్న రెండు రకాల మధ్య తేడా విత్తనానిదని చెప్పడానికి లేదని వచ్చింది. వాటిలో ఒకటి వాళ్ల నాన్న ఎప్పుడూ వేసేదే. విత్తనం మార్చుదామని బస్తాకు బయానా ఇవ్వబోతున్నవాడు ఆగి, ఈ ఏడు కూడా ఇంట్లో దాచిన గింజలే వేశాడు.